ఇంచీకి పద్నాలుగు

ఒక రాత్రి హాస్టల్లో మా రూమ్మేట్ ఫోన్‌లో ఏదో వీడియో చూస్తూ నన్ను పిలిచాడు. ఎక్కడో విదేశంలో ఒకతను ఇంటి షెడ్‌లోనే తన సూపర్‌చార్జ్‌డ్ కారు బంపర్ విప్పి, పాత హీట్ ఎక్స్ఛేంజర్ తీసేసి, దానికంటే చాలా పెద్దది బిగిస్తున్నాడు. "లైఫ్‌లో ఒక్కసారన్నా ఇట్లాంటి పని చెయ్యాలి మామా" అన్నాడు మావాడు. నేను చేశానన్నాను. నమ్మలేదు. కారుకు కాదు, వరికోత మిషన్‌కు అనగానే పడీ పడీ నవ్వాడు. నవ్వే విషయం కాదురా అని చెప్పడం మొదలుపెడితే రాత్రి రెండయింది. ఆ కథే ఇది.

మెకానికల్ కానివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇంజన్‌లోకి గాలి ఎంత ఎక్కువ కుక్కితే అంత ఎక్కువ ఇంధనం మండించవచ్చు. ఆ కుక్కే పనిని ఇంజన్ నుంచే బెల్టు వేసి చేయిస్తే సూపర్‌చార్జర్, పొగగొట్టంలోంచి పోయే వేడి వాయువుల ఊపుతో చేయిస్తే టర్బో. ఏదైనా సరే, ఒత్తిన గాలి వేడెక్కుతుంది. మన ఏప్రిల్ ఎండలో 40 డిగ్రీలున్న గాలిని 1.8 రెట్ల ఒత్తిడికి తెస్తే, ఒక్క నష్టం కూడా లేదనుకున్నా 97 డిగ్రీలవుతుంది. కంప్రెసర్ సామర్థ్యం 70 శాతమే అనుకుంటే 120 దాటుతుంది. ఆ వీడియోలో కారుకు ఈ వేడిని నీళ్లు మోసుకొచ్చి ముందున్న హీట్ ఎక్స్ఛేంజర్‌లో బయటి గాలికి ఇచ్చేస్తాయి. మా మిషన్‌ది టర్బో డీజిల్. దాని వేడి భారమంతా చివరికి పడేది రేడియేటర్ మీదే. రేడియేటర్ కూడా హీట్ ఎక్స్ఛేంజరే కదా.

మాది కోహెడ. పండ్ల మార్కెట్ కోహెడనా అని అడగకండి, అది హైదరాబాద్ పక్కన ఉంది. మాది హుస్నాబాద్ దగ్గరిది, 2016 దాకా కరీంనగర్ జిల్లా, ఇప్పుడు సిద్దిపేట. మా మండలంలోనే శనిగరం ప్రాజెక్టు ఉంది. దాని కింద, బోర్ల కింద వరి బాగా పండుతుంది. బాపు, చిన్నబాపు కలిసి అప్పు చేసి సెకండ్ హ్యాండ్ టైర్ల మిషన్ కొన్నారు. కోతలు ఉండేది వానాకాలం పంటకు కొన్ని వారాలు, యాసంగికి కొన్ని వారాలు. ఆ కొన్ని వారాల్లోనే ఏడాది కిస్తీలు వెళ్లాలి. మిషన్ గంటసేపు ఆగిందంటే బాపు ముఖం చూడలేం.

నేను మూడో సంవత్సరంలో ఉన్నప్పటి యాసంగిలో అది నలభై నిమిషాలకోసారి ఆగడం మొదలుపెట్టింది. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత మీదికి పోయేది. డ్రైవర్ సర్దార్‌జీ (పంజాబ్ నుంచి సీజన్‌కు వస్తాడు) ఇంజన్ ఆపి, బీడీ ముట్టించి, మూత జోలికి ఎవర్నీ పోనిచ్చేవాడు కాదు. ఆయన చేసింది కరెక్టే. ఆ మూత ఒత్తిడి పట్టి ఉంచుతుంది కాబట్టే లోపలి నీళ్లు 100 దాటినా మరగవు. వేడి మీద తీస్తే ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగదంతాయి.

ఆ సెమిస్టర్‌లోనే మాకు హీట్ ట్రాన్స్‌ఫర్ పేపర్. శనివారం ఊరికి పోయి రేడియేటర్ చూశాను. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసీ పోసీ లోపల గొట్టాలకు సున్నం పట్టింది. రాగి ఉష్ణవాహకత 400కి దగ్గర, ఈ సున్నపు పొరది ఒకటో రెండో. రాగి గొట్టానికి లోపల దుప్పటి కప్పినట్టే. ఇక్కడిదాకా నా లెక్క తప్పలేదు. బాపును తీసుకుని కరీంనగర్‌లో రేడియేటర్లు చేసే ఉస్తాద్ దగ్గరికి పోయాను. కొత్త కోర్ చేయిద్దాం, మూడు వరసల గొట్టాలకు బదులు నాలుగు, ఫిన్లు ఇంచీకి పద్నాలుగు అన్నాను.

ఉస్తాద్ చేతిలో టంకం కడ్డీ పక్కన పెట్టాడు. "పద్నాలుగు వద్దు తమ్మీ. పొట్టు పట్టుకుంటది. ఎనిమిది పెడ్త" అన్నాడు.

నేను ఊరుకోలేదు. బిల్లు పుస్తకం వెనక లెక్క వేసి చూపించాను. నీళ్ల వైపు వేడి సులువుగానే గోడకు చేరుతుంది, గాలి వైపే అసలు అడ్డంకి, అందుకే ఫిన్లు పెట్టి వైశాల్యం పెంచుతారు, ఎన్ని ఎక్కువ ఉంటే అంత మంచిది. లెక్క తప్పు కాదు. పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి. ఉస్తాద్ ఆ కాగితం వైపు చూడలేదు, బాపు వైపు చూశాడు. బాపు ముప్పై ఏళ్లుగా బండ్లతో బతికిన మనిషి, పొట్టు అంటే ఏందో తెలిసిన మనిషి. అయినా ఒక్క క్షణం ఆగి, "మావోడు గదే చదువుతుండు ఉస్తాద్. ఆడు చెప్పినట్టే చెయ్" అన్నాడు.

28 వేలయింది. అమ్మ పుస్తెలతాడు అప్పటికే బ్యాంకులో ఉంది కాబట్టి ఆ డబ్బు చిన్నబాపు ఎక్కడో పుట్టించాడు.

బిగించడం మా ఇంటి ముందు వేపచెట్టు కిందే. ఇది మాత్రం గర్వంగా చెప్తాను, పని శుభ్రంగా చేశాను. ఇంజన్ పూర్తిగా చల్లారాక కింది గొట్టం విప్పి నీళ్లు వదిలాం. పైది, కిందిది హోస్‌లు రెండూ గట్టిపడి పగుళ్లిచ్చాయి, కొత్తవి వేశాం. నాలుగు వరసల కోర్ మందం ఎక్కువ కాబట్టి ఫ్యాన్ రెక్కలకూ కోర్‌కూ మధ్య సందు తగ్గింది. బ్రాకెట్లు కోసి, రేడియేటర్‌ను బయటికి జరిపి, అడుగున రబ్బరు ముక్కలు పెట్టి కూర్చోబెట్టాం. రబ్బరు లేకుండా బిగిస్తే ఆ అదురుకు టంకాలు విడిపోతాయి. బోరు నీళ్లు ముట్టనివ్వలేదు, వాటర్ ప్లాంట్ నీళ్లలో కూలెంట్ కలిపి సన్నటి ధారగా పోశాను. మధ్యమధ్య హోస్‌లు పిసుకుతూ, లోపల చిక్కుకున్న గాలి బుడగలు రావడం ఆగేదాకా పోశాను. గాలి మిగిలితే కొత్త రేడియేటర్ అయినా ఇంజన్ కాలిపోవాల్సిందే.

స్టార్ట్ చేసి ఇంటి ముందు అరగంట రేస్ చేశాం. ముల్లు సగం కూడా దాటలేదు. చిన్నబాపు నా వీపు మీద ఒక్కటిచ్చాడు. పక్కింటి అరుగు మీదివాళ్లకు బాపు ఏం చెప్పాడో నాకు వినిపించలేదు గానీ, అందరూ నా వైపు తిరిగి చూశారు.

ఇంటి ముందు పొట్టు లేదు కదా. అది నాకు తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే ఒక అవ్వ పొలం. ఎకరంనర. కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు. తనే నీళ్లు కట్టుకుని, తనే మందు చల్లించుకుని పండించింది. మూడు రోజులుగా మా మిషన్ కోసమే ఆగింది. వేరే మిషన్ వస్తానన్నా రానివ్వలేదు, మావాళ్లకు మాటిచ్చిందట. ఆకాశం పడమర నల్లగా ఉంది. ముందు ఇంకొకరి రెండెకరాలు కోసి ఆమె మడిలో దిగేసరికి పదకొండయింది. అప్పటిదాకా ముల్లు బాగానే ఉంది. ఆమె పొలంలో మూడో సాలుకు లేచింది. పావుగంటలో ఎర్రగీత.

పాతది నలభై నిమిషాలు నడిచేది. కొత్తది చల్లారాక మళ్లీ స్టార్ట్ చేస్తే పది నిమిషాలు కూడా నడవలేదు.

బయటి జాలీ తీసి చూస్తే విషయం అర్థమైంది. ఫ్యాన్ బయటి గాలిని రేడియేటర్‌లోంచి లోపలికి లాగుతుంది, గాలితో పాటు వరి పొట్టునూ లాగుతుంది. ఇంచీ అంటే 25.4 మిల్లీమీటర్లు. పద్నాలుగు ఫిన్లంటే ఒక్కో సందు 1.8 మిల్లీమీటర్లు. ఎనిమిదైతే 3.2. వడ్ల ఊక ముక్క చాలావరకు రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. నేను దానికి సరిగ్గా ఇరుక్కునే సైజు సందు చేయించాను. పైగా నాలుగు వరసల లోతు కాబట్టి ఇరుక్కున్నది బయటికి రాదు. గాలి పోని చోట ఎంత వైశాల్యం ఉంటే ఏం లాభం? నేను లెక్కలో వేసుకున్న గాలి శుభ్రమైన గాలి. మా టెక్స్ట్‌బుక్‌లో ఫౌలింగ్ అని ఒక చిన్న భాగం ఉంది, పరీక్షకు రాదని వదిలేశాను.

కంప్రెసర్ తెచ్చి ఫ్యాన్ వైపు నుంచి గాలి కొట్టాం. పైపైది ఎగిరింది. సైకిల్ పుల్లతో గీకబోతే ఫిన్లు వంగాయి. అవ్వ గట్టు మీద కూర్చుని ఆకాశం చూస్తోంది. ఒక్కసారి మాత్రం అడిగింది, "అయితదా బిడ్డా?" అని. అయితది అవ్వా అన్నాను.

బాపు ఒక్క మాటా అనకుండా బండేసుకుని ఇంటికి పోయి పాత రేడియేటర్ తెచ్చాడు. పొలంలోనే మార్చాం. నిన్న మూడు గంటలు పట్టిన పని అప్పుడు గంటంబావులో అయింది. మళ్లీ నలభై నిమిషాల మిషనే. కోసి, ఆపి, మళ్లీ కోసి. నాలుగున్నరకు గాలివాన మొదలైంది. అప్పటికి ఎకరం కంటే కాస్త ఎక్కువ కోశాం. మిగిలిన చేను మా కళ్లముందే పడుకుంది. కోసిన వడ్లు టార్పాలిన్ కింద ఉన్నా, అడుగున నీళ్లు చేరి తడిశాయి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తీసుకోరు. ఆమె ఆ కుప్పను రోడ్డు మీద ఎన్ని రోజులు ఎండబోసిందో నేను చూడలేదు. ఆదివారం రాత్రే బస్సెక్కి కాలేజీకి వచ్చేశాను.

కిరాయి బాపు తీసుకోలేదట. అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎందుకు మొరాయించిందని ఎవరో అడిగితే "పాత బండి గదా" అన్నాడట.

నాకు తిట్టు పడి ఉంటే బాగుండేది. ఆ వారం క్లాసులో బోర్డు మీద ఫిన్ సామర్థ్యం సూత్రం కనబడితే కడుపులో తిప్పింది.

సెలవుల్లో మళ్లీ ఉస్తాద్ దగ్గరికి ఒక్కడినే పోయాను. చూడగానే గుర్తుపట్టాడు. ఏమంటాడోనని నిలబడితే, టీ చెప్పి, "ఇంచీకి ఎన్ని పెట్టమంటవ్ తమ్మీ?" అని అడిగాడు. వెటకారమో నిజంగానే అడిగాడో ఇప్పటికీ తెలియదు. మీ ఇష్టం అన్నాను. ఎనిమిది పెట్టాడు. నాలుగు వరసలు మాత్రం ఉంచుదామన్నాడు, "గది మంచిగ చెప్పినవ్" అన్నాడు. జాలీ ఇంకొంచెం సన్నది వేసి, మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఒకసారి దులపమన్నాడు.

వానాకాలం కోతలకు అది ఆగలేదు. అవ్వ పొలం మొదట కోశాం. నేనే అడిగాను, బాపు ఎందుకని అడగలేదు.

ఆ పద్నాలుగు ఫిన్ల కోర్ ఇప్పటికీ మా కొట్టంలో గోడకు ఆనించి ఉంది. ఇదంతా విన్నాక మా రూమ్మేట్, శుభ్రమైన రోడ్డు మీద పోయే కారుకైతే అది పనికొస్తుందేమో, నాకిస్తావా అన్నాడు. అంత పెద్దదాన్ని మోసే కారు ముందు కొనుక్కోమన్నాను.