తేటగా ఉంటే చాలదు

"తేట తెలుగు" అన్న మాట మీరు వినే ఉంటారు. తేట అంటే నిర్మలమైనది, అడుగు కనిపించేది. నీళ్లకూ ఇదే మాట వాడతాం. బురద నీళ్లను కుండలో పోసి కదపకుండా ఉంచితే మట్టి అడుక్కి దిగుతుంది, పైన నీరు తేరుకుంటుంది. మనిషి జ్వరం నుంచి కోలుకున్నా "తేరుకున్నాడు" అనే అంటాం. ఈసారి మీకు ఇలాంటి నీళ్ల మాటలు కొన్ని చెబుతాను. వాటితో పాటు, రిక్కార్టన్‌లో మీ కుళాయి వెనక రాత్రింబవళ్లు నడిచే కాపలా గురించీ చెబుతాను. నీటి కేంద్రాల్లో కొలత పరికరాలను సరిచూడటం నా పని.

ముందు ఊరి చెరువు దగ్గరికి వెళ్దాం. చెరువు నీళ్లను పొలాలకు వదిలే మనిషిని తెలంగాణలో నీరటి అంటారు, రాయలసీమలో నీరుగట్టి అంటారు. చెరువులో నీరు ఎంత ఉందో అతను చూస్తాడు. పొలాలకు ఎంత కావాలో లెక్క వేస్తాడు. తూము తెరుస్తాడు. కాసేపటికి మళ్లీ వచ్చి చూస్తాడు. ఎక్కువైతే తగ్గిస్తాడు, తక్కువైతే పెంచుతాడు. చూడటం, పోల్చటం, సరిదిద్దటం, మళ్లీ చూడటం: ఆటోమేటిక్ కంట్రోల్ అంటే ఇంతే. చెరువు నిండిపోతే అదనపు నీరు అలుగు మీదుగా దానంతటదే బయటికి పోతుంది, కట్ట తెగదు. అలుగుకు కాపలా మనిషి అక్కరలేదు, కరెంటూ అక్కరలేదు.

ఇప్పుడు మన నగరానికి వద్దాం. క్రైస్ట్‌చర్చ్ తాగే నీరు నేల కింద ఇసుక, గులకరాళ్ల పొరల్లోంచి వస్తుంది. ఆ పొరలే నీటిని వడగడతాయి. అందుకే దశాబ్దాల పాటు ఇక్కడ నీళ్లలో ఏమీ కలపకుండానే ఇళ్లకు పంపారు. ఆ నీటి రుచి అంటే ఇక్కడివాళ్లకు గర్వం.

తర్వాత 2016 ఆగస్టు వచ్చింది. ఉత్తర దీవిలో హావ్‌లాక్ నార్త్ అనే సుమారు 14,000 మంది ఉండే ఊళ్లో, అయిదు వేల మందికి పైగా వాంతులు, విరేచనాలతో మంచం పట్టారు. నాలుగు మరణాలకు ఆ జబ్బుతో సంబంధం ఉందని చెప్పారు. అక్కడా బోరు నీళ్లే, అక్కడా ఏమీ కలపలేదు. పెద్ద వానకు గొర్రెల మేత భూముల నుంచి కొట్టుకొచ్చిన మలినం బోరు నీళ్లలో చేరింది. ఆ నీళ్లు చూడటానికి తేటగానే ఉండి ఉంటాయి. తాగినవాళ్లకు అనుమానం రాలేదు.

ఆ తర్వాత దేశమంతా తమ బోర్లను కొత్త కళ్లతో చూసింది. మన నగరంలో చాలా బోర్ల మూతులు అప్పట్లో నేలకు దిగువన ఉండేవి. పైనుంచి నీరు చొరబడకుండా అవి గట్టిగా లేవని తేలింది. అందుకని 2018లో క్లోరిన్ కలపటం మొదలుపెట్టారు. తాత్కాలికం అన్నారు. కానీ 2021లో నీటి సేవల చట్టం వచ్చింది. క్లోరిన్ వద్దనుకునే నగరం, అది లేకుండానే నీరు క్షేమమని నిరూపించుకోవాలి.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. మా పరికరాల్లో ఏదీ సూక్ష్మక్రిమిని నేరుగా చూడలేదు. నీళ్లలో ఈ.కోలై ఉందో లేదో ప్రయోగశాల చెప్పటానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఆలోగా ఆ నీళ్లు తాగేసి ఉంటారు. అందుకే మేం ఆనవాళ్లు చూస్తాం.

మొదటి ఆనవాలు మడ్డి, అంటే తేటకు ఎదురు మాట. చీకటి గదిలో కిటికీ సందులోంచి ఎండ పడితే గాలిలో ధూళి మెరుస్తుంది కదా? మడ్డి మీటరు పని అదే. నీళ్లలోకి వెలుగు పంపి, పక్కకు చెదిరిన వెలుగును కొలుస్తుంది. మన కంటికి తేటగా కనిపించే నీళ్లలో కూడా అది తేడా పట్టుకుంటుంది. రెండో ఆనవాలు, కలిపిన క్లోరిన్‌లో ఇంకా మిగిలి ఉన్నది ఎంత అన్నది. అది హఠాత్తుగా తగ్గిందంటే నీళ్లలో ఏదో దాన్ని తినేస్తోందని అర్థం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఇంటి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి, 5 మిల్లీగ్రాములు దాటకూడదు.

పైపులో ఎంత నీరు పోతోందో ఒక మీటరు చెబుతుంది. దాన్ని బట్టి చిన్న పంపు క్లోరిన్ పోస్తుంది. కొంత దూరంలో మరో పరికరం మిగిలినది కొలిచి, తక్కువైతే "ఇంకొంచెం", ఎక్కువైతే "చాలు" అని పంపుకు కబురు పెడుతుంది. నీరటి పనే, కాకపోతే క్షణక్షణం జరుగుతుంది. లెక్క హద్దు దాటితే అలారం మోగుతుంది. అవసరమైతే బోరు దానంతటదే ఆగిపోతుంది.

ఈ పరికరాలు కబురు పంపే పద్ధతి నాకు చాలా ఇష్టం. సన్నని కరెంటు రూపంలో పంపుతాయి. అన్నిటికంటే తక్కువ కొలతకు 4 మిల్లీఆంపియర్లు, అన్నిటికంటే ఎక్కువకు 20. సున్నా నుంచి ఎందుకు మొదలుపెట్టలేదు? ఆలోచించండి. తీగ తెగిపోతే కరెంటు సున్నా అవుతుంది. కొలత సున్నా అయినప్పుడు కూడా అదే సున్నా వస్తే, "నీళ్లలో ఏమీ లేదు" అన్న కబురుకీ, "నేను మాట్లాడలేకపోతున్నాను" అన్న మౌనానికీ తేడా తెలియదు. 4 వస్తే ఏమీ లేదని అర్థం. సున్నా వస్తే ఎవరో ఒకరు లేచి వెళ్లి తీగ చూడాలి.

ఆ లేచి వెళ్లే మనిషి లేకపోతే ఏమవుతుంది? కెనడాలో వాకర్టన్ అనే చిన్న ఊరు ఉంది. 2000 మే నెలలో పెద్ద వానలకు పశువుల పేడలోని క్రిమి అక్కడి బావిలో చేరింది. ఏడుగురు చనిపోయారు, 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు. ఆ బావి దగ్గర మిగిలిన క్లోరిన్‌ను ఎడతెగకుండా కొలిచే పరికరం లేదు. పనివాళ్లు చేత్తో కొలిచి పుస్తకంలో రాయాలి. చాలా రోజులు కొలవకుండానే అంకెలు రాశారు. ఎడతెగకుండా కొలిచే పరికరాలు ఉండి ఉంటే ఆ విపత్తు జరిగేది కాదని విచారణ తేల్చింది. అందుకే ఏ మీటరును సరిచూసినా, నిజంగా చూసిన అంకెనే నేను రాస్తాను. బాగున్నా, బాగులేకపోయినా.

రిక్కార్టన్‌లో ఉండే మా పిన్ని ఇవన్నీ వింటుంది, విని, "ఒరేయ్, అదంతా సరే, టీ మాత్రం స్విమ్మింగ్ పూల్ వాసన వస్తోంది" అంటుంది. ఆవిడ మాటా అబద్ధం కాదు. మీకూ అలా అనిపిస్తే నీళ్లను జగ్గులో పోసి, మూత పెట్టకుండా కొన్ని గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. వాసన చాలావరకు పోతుంది.

కానీ ఆ వాసన విలువ మనవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలియాలి? ఫిజీకి గిర్మిటియాలను తెచ్చిన మొదటి ఓడ లియోనిడాస్ 1879 మేలో కలరా, మశూచిలతో వచ్చింది. దిగాల్సినవాళ్లను ఒక చిన్న దీవిలో వేరుగా ఉంచారు. కలరా నీళ్ల ద్వారా వచ్చే జబ్బు. అమెరికాలో జెర్సీ సిటీ తాగునీటికి ఎడతెగకుండా క్లోరిన్ కలపటం మొదలుపెట్టింది 1908లో. అప్పటికి మద్రాసు మీదుగా మన తెలుగువాళ్లు ఫిజీకి వెళ్లటం మొదలై అయిదేళ్లయింది.

చివరగా మీకు ఒక పని. నీళ్లలో తేడా కనిపిస్తే కేంద్రంలో అలారం మోగుతుంది, నగరం హెచ్చరిక పంపుతుంది. ఆ హెచ్చరిక మీ ఫోనుకు ఇంగ్లీషులో వస్తుంది. మీ ఇంట్లో ఇంగ్లీషు సరిగా రాని నాయనమ్మో, అమ్మమ్మో ఉంటే ఆ కబురు ఆమె దాకా చేరదు. అక్కడ తీగ మీరే. అందుకే ఈ వాక్యాన్ని ఇవాళే పైకి చదివి, నోటికి వచ్చేదాకా అనండి: "నాయనమ్మా, ఇవాళ కుళాయి నీళ్లు అలాగే తాగకు. తెర్లేదాకా కాచి, ఒక నిమిషం అలాగే మరగనిచ్చి, చల్లారాక తాగు."

తెర్లటం అంటే నీళ్లు బుడగలు వచ్చేలా మరగటం. మీ ఇంట్లో వేరే మాట వాడతారేమో, నాయనమ్మను అడగండి.