మారువేషంలో విలన్

పాత సినిమాల్లో విలన్‌ని పట్టుకోవడం ఎంత సులువో మీకు తెలుసు. గళ్ళలుంగీ, పులిచారల బనీను, బుగ్గమీద ఇంత పులిపిరి! తెరమీదికి రాగానే నేల క్లాసులో ఒకటే గోల. నా విలన్ అలా రాడండీ. పూరీగా వస్తాడు, పఫ్‌గా వస్తాడు, ఇంటర్వెల్లో సమోసాగా వస్తాడు. అతగాడి పేరు గోధుమ!

నవ్వకండి. నాకున్న జబ్బు పేరు సీలియాక్. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో గ్లూటెన్ అని ఒక మాంసకృత్తు ఉంటుంది. అది లోపలికి వెళ్తే నా శరీరం శత్రువు వచ్చాడనుకుని కత్తి దూస్తుంది. ఆ కత్తి తగిలేది మాత్రం నా చిన్నపేగుకే! ఇది మామూలు ఎలర్జీ కాదు. మాత్ర వేసుకుంటే పోయేదీ కాదు. జన్మంతా గ్లూటెన్ జోలికి పోకుండా ఉండడమే మందు.

1944-45 చలికాలంలో, యుద్ధం చివరి రోజుల్లో, హాలెండులో రొట్టె దొరక్క జనం అల్లాడిపోయారు. అంత కరువులోనూ ఈ జబ్బున్న పిల్లలు మాత్రం కోలుకున్నారట! రొట్టె మళ్ళీ రాగానే మళ్ళీ మంచం పట్టారు. విలెం డికె అనే పిల్లల డాక్టరుకు గోధుమమీద ఉన్న అనుమానం దాంతో బలపడింది. విలన్ దొరికింది అలాగన్నమాట.

సరే, అసలు కథలోకి వద్దాం. మాది హిందూపురం. 1985లో ఎన్.టి.రామారావుగారిని శాసనసభకు పంపిన ఊరు. కిందటేడు వేసవిలో నేనూ, పెనుకొండ అత్త పిల్లలూ, ధర్మవరం మామయ్య పిల్లలూ కలిసి ఒక పెద్ద వినోదాల పార్కుకు వెళ్ళాం. పేరెందుకులెండి, ఇలాంటిది ఎక్కడైనా జరగొచ్చు. మధ్యాహ్నం అందరూ నూడుల్సూ పరోటాలూ లాగిస్తున్నారు. కౌంటరు దగ్గర బారెడు క్యూ. అంతమందిని వెనక నిలబెట్టి "ఇందులో ఏమేం వేశారు?" అని అడగడానికి నాకు సిగ్గేసింది. బంగాళాదుంపలో గోధుమెక్కడిదిలే అనుకుని ఫింగర్ చిప్స్ తీసుకున్నాను.

సాయంత్రానికి కథ అడ్డం తిరిగింది. కడుపునొప్పి, వాంతులు... పిల్లలంతా రాత్రి లైట్ల షో మానుకుని గదిలో నా చుట్టూ కూర్చున్నారు. మా చిన్న మరదలు ఆ షో కోసమే ఏడాదంతా ఎదురుచూసింది. పాపం, ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది!

తర్వాత మా డాక్టరుగారు విడమరిచి చెప్పారు. సమోసాలు వేగిన నూనెలోనే చిప్స్ వేయిస్తే ఆ పిండి నలుసులు చాలట. సోయా సాస్‌లో సాధారణంగా గోధుమ ఉంటుందట. అన్నిటికంటే పెద్ద దెబ్బ ఇంగువ! డబ్బాల్లో అమ్మే ఇంగువపొడిలో చాలావాటికి గోధుమపిండో మైదానో కలుపుతారు. సాంబారు, చారు, పెరుగన్నం తాలింపు... ఇన్నాళ్ళూ నమ్మిన క్యారెక్టర్ ఆర్టిస్టే క్లైమాక్సులో విలన్ అని తేలినట్టయింది!

ఇక ఏ ఊరికీ రానని భీష్మించుకుని పెనుకొండలో అవ్వ దగ్గరికి పోయాను. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని మార్చుకున్న ఊరది. నా గోడంతా విని అవ్వ, "ఇంతేనా మే! మా కాలంలో గోదుమలు యాడుండె? సంగటి తినే కదా పెరిగింది" అంది. నిజమే. రాగుల్లో, జొన్నల్లో, కొర్రల్లో, బియ్యంలో గ్లూటెన్ లేదు. ప్రపంచం 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. అవ్వకు ఏటా అదే పండగ! కాకపోతే ఇక్కడా ఒక మెలిక ఉంది. గోధుమలు ఆడిన మరలోనే రాగులు ఆడిస్తే ఆ పిండి నాకు పనికిరాదు. ఆ మాట వినగానే అవ్వ పెరట్లో మూలపడ్డ విసుర్రాయి కడిగించి తనే విసిరింది.

సంగటి సరే, మరి సిగ్గు సంగతో? అది ధర్మవరంలో వదిలింది. మామయ్య మగ్గం మీద కూర్చునే అన్నాడు: "పోగు తెగితే సిగ్గుపడి దాచిపెడతామా? దాస్తే చీరంతా పాడు. అప్పుడే ఆపి అతుక్కుంటాం. నువ్వూ అంతే, నోరు తెరిచి అడుగమ్మా."

ఈ ఏడు మళ్ళీ అదే పార్కుకు వెళ్ళాం. బయటి తిండి తేకూడదని అక్కడ నిబంధన. ముందే ఫోన్ చేసి, డాక్టరు చీటీ చూపిస్తే నా సంగటి డబ్బాకు ఒప్పుకున్నారు. కౌంటరు దగ్గర, "అన్నా, ఈ నూనెలో సమోసాలు వేశారా?" అని అడిగాను. వెనక ఎవరో "త్వరగా కానీమ్మా" అని విసుక్కున్నారు. నా గొంతు వణికింది. అయినా కదల్లేదు. లోపల్నుంచి వంటమాస్టరు ఇంగువ డబ్బా తెచ్చి వెనక అచ్చువేసింది చదివాడు. గోధుమపిండి! "ఇన్నేళ్ళుగా వేస్తున్నా, ఏనాడూ చదవలేదమ్మా" అని ఆయనే నోరు తెరిచాడు. కడిగిన గిన్నెలో తెల్లన్నం, తాలింపు లేని పెరుగు, ఉడికించిన గుడ్డు పెట్టించాడు. ఆ రాత్రి లైట్ల షో మరదలి పక్కనే కూర్చుని చూశాను.

ఫ్లోరిడాలో 1971లో తెరిచిన వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఎలర్జీ ఉన్నవాళ్ళకు చాలా హోటళ్ళు ప్రత్యేకంగా మెనూ ఇస్తాయి. మన దేశంలోనూ పొట్లం మీద "గ్లూటెన్ లేదు" అని వేయాలంటే అది కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని చట్టముంది. పొట్లానికి చట్టముంది, కానీ పళ్ళెంలోకి వచ్చేదాన్ని మనమే అడిగి తెలుసుకోవాలి.

కాబట్టి మిత్రులారా, ఈసారి క్యూలో మీ ముందు ఎవరైనా "ఇందులో ఏమేం వేశారు?" అని అడుగుతుంటే విసుక్కోకండి. ఒక్క నిమిషం ఓపిక పట్టండి. అది విలన్‌ని పట్టుకునే సీను!