జలపాతం అదే, కథ వేరు

అమెరికాలోని ఫ్లోరిడాలో, డిస్నీ సంస్థవారి వినోదోద్యానంలో 1992లో ‘స్ప్లాష్ మౌంటెన్’ అనే జలవిహారం ప్రారంభమైంది. దుంగవంటి పడవలో సాగి, చివరకు యాభై అడుగుల పైనుంచి నీటిలోకి జారడం అందులోని ఆనందం. కానీ దాని కథకు మూలమైన 1946 నాటి చలనచిత్రం నల్లజాతీయుల వేదనను మరుగుపరచిందని విమర్శకులు ఆక్షేపించారు. నల్లజాతి రాకుమారి టియానా కథతో దానిని మారుస్తామని సంస్థ 2020లో ప్రకటించింది. పాత పాటలే ఉండాలని కొందరు అభిమానులు పట్టుబట్టారు. టియానాకు తగిన కథ కావాలని మరికొందరు ఆశించారు. 2024లో కొత్త విహారం మొదలైంది. జలపాతం మాత్రం నిలిచింది.

మొదట నేను పాతదాని పక్షమే వహించాను. అంతలో బాల్యంలో చూసిన ఒక నాటకం గుర్తుకు వచ్చింది. ఒక కులాన్ని ఎగతాళి చేసే మాటకు అందరితోపాటు నేనూ నవ్వాను. పక్కనున్న మిత్రుడు నవ్వలేదు. మన మధురస్మృతిలో మరొకరి గాయం దాగి ఉండవచ్చు. దానిని గుర్తించగలిగినదే నిజమైన అభిమానం.