గుర్రం ఎందుకు కుంటుతుంది?

పిల్లలూ! మీలో చాలామంది తిరుపతి చూసే ఉంటారు. బ్రహ్మోత్సవాలకు కొండ ఎక్కినవాళ్ళు స్వామి వాహనం ముందు నడిచే ఏనుగులనూ, గుర్రాలనూ కూడా చూసి ఉంటారు. ఈసారి వెళ్ళినప్పుడు గుర్రం అలంకారంతోపాటు దాని కాళ్ళు కూడా చూడండి. ఈ నెల ఆ కాళ్ళ సంగతే చెప్పుకుందాం.

తిరుపతికి నైరుతి దిక్కున, కొద్ది దూరంలోనే చంద్రగిరి కోట ఉంది. 1565లో తళ్ళికోట యుద్ధం జరిగాక విజయనగర రాజుల రాజధాని పెనుకొండకు, తరవాత చంద్రగిరికి మారింది. అక్కడి మూడంతస్తుల రాజమహలు ఇప్పుడు మ్యూజియం. ఆ రాజుల సైన్యానికి మేలుజాతి గుర్రాలు అరేబియా, పారశీక దేశాలనుంచి ఓడలమీద వచ్చేవి. ఎంతో ధనం పోసి కొన్న గుర్రం కుంటిదైతే రౌతు ఏం చేస్తాడు? అందుకే గుర్రాన్ని పరీక్షించడం ఒక శాస్త్రమయింది. మన తెలుగులోనే మనుమంచి భట్టు గుర్రాలనుగురించి ‘హయలక్షణ విలాసం’ అనే గ్రంథం రాశాడు.

ఇప్పుడు ఒక పని చెయ్యండి. అరచెయ్యి కిందికి వంచి, మధ్యవేలి కొన ఒక్కటే బల్లకు ఆనించండి. గుర్రం ముందుకాలు అలాంటిదే. దాని గిట్ట మన మధ్యవేలి గోరు వంటిది. మనం దాని ముందు మోకాలు అనుకునేది నిజానికి మన మణికట్టు వంటిది! నాలుగైదు వందల కిలోల బరువు నాలుగు వేళ్ళమీద నిలబడుతుందన్నమాట. అందులో నూటికి సుమారు అరవై పాళ్ళు ముందుకాళ్ళే మోస్తాయి.

ఇంత బరువు మోసే ఎముకలు ఒకదానికొకటి రాసుకుని అరిగిపోవా? పోవు. కీలులో ఎముకల కొనలకు నున్నని మృదులాస్థి తొడుగులా ఉంటుంది. కీలు చుట్టూ సంచివంటి పొర, అందులో కోడిగుడ్డు తెల్లసొనలాంటి జిగురు ద్రవం ఉంటాయి. బండి ఇరుసుకు కందెన ఎలాగో, కీలుకు ఆ ద్రవం అలాగ. దెబ్బ తగిలినా, పని మితిమీరినా, సూక్ష్మజీవులు చేరినా కీలు వాస్తుంది, వేడెక్కుతుంది, నొప్పి పుడుతుంది.

తిరుపతిలో 1955లో పశువైద్య కళాశాల వెలిసింది. 2005లో అక్కడే శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. జంతువు ఏ కాలు కుంటుతున్నదో కనిపెట్టడం పశువైద్య విద్యార్థులు నేర్చుకునే పాఠాలలో ఒకటి.

మొదట కంటితో చూడాలి. గట్టినేలమీద గుర్రాన్ని తిన్నగా పరుగునడక నడిపిస్తారు. ముందుకాలు నొప్పిగా ఉంటే, ఆ కాలు నేలకు తగిలినప్పుడు తల పైకెత్తుతుంది. మంచికాలు పడినప్పుడు తల దించుతుంది. తరవాత చేతితో తాకి, రెండు కాళ్ళ కీళ్ళనూ పోల్చి చూస్తారు. అవసరమయితే సూదితో కీలులోని ద్రవం కొంచెం తీస్తారు. మంచి ద్రవం లేత పసుపురంగులో తేటగా ఉండి, వేళ్ళమధ్య తీగలా సాగుతుంది. వాచిన కీలు ద్రవం నీళ్ళలా పలచబడుతుంది. సూక్ష్మజీవులు చేరితే మురికిగా మారుతుంది. ఎముక సంగతి ఎక్స్‌రే చెబుతుంది.

ఇంత తొందర ఎందుకంటారా? మృదులాస్థిలో రక్తనాళాలు లేవు. చర్మానికి గాయం మానినట్టు అది మానదు. ఒకసారి అరిగితే మళ్ళీ మునుపటిలా పెరగదు. వాపు మొదట్లోనే పట్టుకుని, విశ్రాంతీ మందూ ఇస్తే కీలు దక్కుతుంది. ఆలస్యమయితే గుర్రం జన్మంతా కుంటవలసిందే. పైగా గుర్రం నొప్పిని దాచుకునే జంతువు.

చిత్తూరు సీమ పాడికి పేరు పడినది. మీ ఇళ్ళలో గుర్రాలు లేకపోయినా లేగదూడలు ఉంటాయి గదా! గుర్రప్పిల్లకైనా, దూడకైనా పుట్టగానే బొడ్డు పచ్చిగా ఉంటుంది. దానిగుండా సూక్ష్మజీవులు రక్తంలో చేరి కీళ్ళను వాపెక్కిస్తాయి. అందుకే పుట్టిన వెంటనే బొడ్డుకు అయోడిన్ మందు పూస్తారు. దూడ కీలు వాచినా, అది కుంటినా ‘రేపు చూద్దాంలే’ అనుకోకండి. ఆ రోజే పెద్దవాళ్ళకు చెప్పి పశువుల డాక్టరుకు చూపించండి. నోరులేని జీవానికి మీ కళ్ళే నోరు.