తాలు ఏరే బొమ్మ

వీరులపాడు పేరు విని, అక్కడ ఏ కోటగోడలో వీరగల్లులో చూడవచ్చునని బయలుదేరేవారికి ముందే చెబుతున్నాను. ఇక్కడ వున్నవి నల్లరేగడి చేలు, పత్తి, మిరప, వాటి నడుమ కనుచూపు మేర సుబాబుల్ తోటలు. 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లా అనేవారం. ఇప్పుడు కాగితాల మీద ఎన్.టి.ఆర్. జిల్లా. జిల్లా మారినా డెల్టా చుట్టాలు మాత్రం మమ్మల్ని 'మెట్టవాళ్ళు' అనడం మానలేదు.

ఈ వూరికి మాఘ ఫాల్గుణాలలో రావాలి. అల్లంత దూరాన వుండగానే తుమ్ములు స్వాగతం చెబుతాయి. కళ్ళాల నిండా మిరపకాయ పరచి వుంటుంది. నెత్తిన గుడ్డ చుట్టుకుని, వరుసగా కూర్చుని, ఆడవాళ్ళు తాలు కాయలు ఏరుతూ వుంటారు. ఎర్రకాయ ఒక ధర, తెల్లబడిన తాలు ఇంకొక ధర. వాళ్ళ మాట సాగుతూనే వుంటుంది గాని, చూపు మాత్రం కాయ మీదనుంచి లేవదు.

ఆ చూపును పట్టుకున్నది ఒకనాటి నా విద్యార్థిని. తెలుగులో మార్కులు అంతంత మాత్రమే. నోటుబుక్కు అంచుల నిండా బొమ్మలు. ఇప్పుడు ఎవరి కొలువూ చేయకుండా బొమ్మలు వేసుకునే బతుకుతున్నది. ఆమె వేసిన 'తాలు ఏరే మనిషి' చిత్రం చాలామందికి నచ్చింది. నచ్చినవాళ్ళంతా చిత్రం కొనలేరు గదా! అందుకని ఆ బొమ్మ అచ్చు వేసిన గుడ్డసంచులు చేయించింది, ఎక్కడో దూరపు కంపెనీకి డబ్బు ముందే కట్టి. వచ్చిన సంచులలో మిరపకాయలు వంకాయ రంగులో వున్నాయి. ఉత్తరాలు నడిచాయి, డబ్బు తిరిగి రాలేదు. ఆ సంచులలో ఒకటి మా ఇంట్లో ఇప్పటికీ కూరలకు వాడుతున్నాం.

"ఈసారి చేసే మనిషి ఎదురుగా కూర్చుని చేయిస్తాను మాస్టారూ, మీరు కూడా రండి. ఆడపిల్ల ఒంటరిగా బేరమాడితే ధర పెరుగుతుంది" అన్నది. నేను వస్తే ధర ఏపాటి తగ్గుతుందో నాకు తెలుసు. అయినా వెళ్ళాను.

కంచికచర్ల దగ్గర పెద్ద రోడ్డు ఎక్కి, ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషను పొగగొట్టాలు చూస్తూ పక్కకు తిరిగితే కొండపల్లి. కొండ మీద రెడ్డిరాజులు కట్టిన కోటను గురించి వ్రాసినవారు చాలామంది వున్నారు గనుక నేను కొండ ఎక్కను. మా పని కింద, బొమ్మల కాలనీలో.

చుట్టూ ఇన్ని సుబాబుల్ తోటలున్నా వాటి కర్ర కాగితం మిల్లులకు పోవలసిందే. కొండపల్లి బొమ్మకు తెల్ల పొణికి కావాలి. ఈ కొండల మీదనే పెరిగేది, ఇప్పుడు కరువైపోతున్నది. చేతిలోకి తీసుకుంటే బెండులా తేలిక. బొమ్మను ఒకే ముక్కలో చెక్కరు. మొండెం వేరు, చేతులు వేరు, నెత్తిన బిందె వేరు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన 'మక్కు'తో వాటిని అతికి, అతుకు కనబడకుండా సరిచేసి, సున్నం పూసి, ఆరిన తరువాత రంగు వేస్తారు. మగవాళ్ళు చెక్కితే, రంగుల పని చాలావరకు ఆడవాళ్ళది.

ఆమె నెల క్రిందటే చిత్రం ఇచ్చి వచ్చిందట. మచ్చుబొమ్మ సిద్ధంగా వుంది. చీర అద్భుతం, చేటలో కాయలు అద్భుతం. కాని కళ్ళు! దశావతారాలకు పెట్టినట్టు ఇంతేసి కళ్ళు తెరుచుకుని మా వంక చూస్తున్నది బొమ్మ.

"బాబాయ్, ఈమె కిందికి చూడాలి" అన్నది అమ్మాయి.

"కళ్ళు వాలిస్తే నిద్రపోతోందంటారమ్మా. కొలువులో పెట్టరు, కొనరు" అన్నాడాయన. ఆయనా తేలికగా చెప్పిన మాట కాదది. తాతల నాటి లెక్క.

నాకు మచిలీపట్నం గుర్తుకు వచ్చింది. 17వ శతాబ్దిలో డచ్చివారు, ఇంగ్లీషువారు అక్కడ కొఠీలు పెట్టి, తమ దేశంలో చెల్లే నమూనాలు తెప్పించి మన అద్దకంవారి చేత వేయించుకునేవారు. మనవాళ్ళు తమ చేతికి అలవాటైన తీరులో ఆ పూలను మళ్ళీ గీసేవారు. ఆ గుడ్డలను చూచి తమ నేతగాళ్ళు మునిగిపోతారని ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించింది కూడా. అడిగినవాడి బొమ్మ వేరు, చేసినవాడి బొమ్మ వేరు అనే తగవు మా అమ్మాయితో పుట్టింది కాదు. ఈ మాట అక్కడ పైకి అనలేదు లెండి. ఉపన్యాసం వినే ఓపిక ఎవరికీ లేదు.

తగవు తీర్చింది ఆ ఇంటి ఇల్లాలు. అంతవరకు వెనక కూర్చుని ఏనుగు అంబారీకి రంగు వేస్తున్నది. "తాలు ఏరేటప్పుడు పైకి ఎవరు చూస్తారయ్యా! ఇటివ్వండి" అని బొమ్మ తీసుకుని, కళ్ళ మీద సున్నం పూసి, పక్కన పెట్టింది. ఆరేదాకా టీ తాగాం. తరువాత సన్నని కుంచెతో రెండు రెప్పలు దించింది. బొమ్మ నిద్రపోలేదు, పనిలో పడింది. "ఇది సన్నపని. బొమ్మకు ముప్పై రూపాయలు ఎక్కువవుతుంది" అన్నది. అమ్మాయి బేరమాడలేదు. నేనూ ఆడలేదు.

ఇక అసలు భయం బయటపడింది. "ఈ బొమ్మ మీరు ఇంకెవరికీ చేసి అమ్మకూడదు బాబాయ్."

"మేం అమ్మం. పక్క వీధివాడు చూస్తే చేస్తాడు. వాడి చేయి నేను పట్టుకోగలనా?"

నిజమే. కొండపల్లి బొమ్మకు భౌగోళిక గుర్తింపు వున్నది గాని, అది కాపాడేది ఊరి పేరును. కొత్త బొమ్మ రూపం ఎవరిదో అది చెప్పదు. అమ్మాయి ఇంట్లో చట్టం చదువుకుని వచ్చింది. 1957 నాటి కాపీరైటు చట్టంలో ఒక తిరకాసు వున్నది: వస్తువు మీదికి ఎక్కించిన రూపాన్ని 2000 నాటి డిజైన్ల చట్టం క్రింద నమోదు చేయించకపోతే, పరిశ్రమ పద్ధతిలో 50కి మించి తయారైన మరుక్షణం హక్కు పోతుంది. ఉలితో చెక్కేది పరిశ్రమ పద్ధతి అవుతుందా అనేది వకీళ్ళు తేల్చుకోవలసిన సంగతి. ఆమె మాత్రం మచ్చుతో కలిపి యాభైకి ఆర్డరు ఇచ్చింది.

"అడుగున పేరు రాయాలా అమ్మా?" అన్నాడాయన.

ఆమె నా వంక చూచింది. ఇక్కడ మాత్రం నేను నోరు విప్పాను. మన జగ్గయ్యపేట స్తూపం నుంచి చెన్నై మ్యూజియానికి వెళ్ళిన మాంధాత చక్రవర్తి శిల్పం మీద చెక్కినవాడి పేరు లేదు. అదే స్తూపం దగ్గర, 3వ శతాబ్దిలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో, సిద్ధార్థుడనే శిల్పి తూర్పు ద్వారాన ఐదు ఆయక స్తంభాలు నిలిపి, తన పేరూ తండ్రి పేరూ శాసనంలో వేయించుకున్నాడు. రాజుగారి పేరు సంవత్సరం చెప్పడానికి పనికివచ్చింది.

ఆయన శ్రద్ధగా విన్నాడు. "అయితే ఎన్ని పేర్లు పడతాయి?" అని మచ్చుబొమ్మ తిరగేసి అడుగు చూచాడు. రూపాయి బిళ్ళకు రెండింతలు వుంటుందేమో ఆ పీట. గీసిన అమ్మాయి, చెక్కిన ఆయన, రెప్పలు దించిన ఇల్లాలు – మూడు పేర్లు పెన్సిలుతో రాసి చూచారు. ఇల్లాలు తన పేరు వద్దన్నది. అమ్మాయి వినలేదు. మొదట ఆమె పేరే రాయించింది.

సగం బయానా ఇచ్చి లేచాం. యాభైలో ఒక బొమ్మకు నేను డబ్బు కట్టి వుంచాను. కొత్తకాయ కళ్ళానికి వచ్చేవేళకు ఇస్తామన్నారు.