విమానమెక్కి బారువకు

మీరు హైదరాబాదులో ఉంటున్నారనుకోండి. సెలవుల్లో సముద్రం చూడాలని మీకు బుద్ధి పుట్టింది. చేతిలో ఉన్నవి మూడు రోజులే. నాన్నగారు సరేనని, విమానంలో వెళ్లివద్దామన్నారు. ఎక్కడికి? విశాఖపట్నానికని అందరూ అంటారు. నేను మాత్రం ఇంకా కొంచెం ముందుకు, శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన ఉన్న బారువదాకా రమ్మంటాను. అయితే బారువలో విమానం దిగదు. ఆ సంగతి ముందే చెబుతున్నాను.

ఇంతకూ ఎప్పుడు వెళ్లాలి? టిక్కెట్లు ఎప్పుడు చౌకగా దొరికితే అప్పుడని పెద్దవాళ్లు అంటారు. అది తప్పు కాదు. విమానపు టిక్కెట్టు ధర బస్సు టిక్కెట్టు ధరలాగా ఒకచోట నిలవదు. పండగ దగ్గరపడే కొద్దీ పెరిగిపోతుంది. కాని బారువకు వెళ్లేవాళ్లు మొదట సముద్రాన్ని అడగాలి, తరవాత విమానాన్ని.

అక్టోబరు, నవంబరు నెలలు తుఫానుల కాలం. 2018 అక్టోబరు 11న తిత్లీ అనే తుఫాను ఈ తీరం మీదనే విరుచుకుపడింది. పలాస, సోంపేట ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఉద్యానం అన్న మాటే అలా మారిందని చెబుతారు. కొబ్బరి, జీడి, పనస చెట్లతో అది నిజంగా ఒక పెద్ద తోటలాగే ఉంటుంది. ఒక్క రాత్రిలో ఆ తోట పడుకున్నది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావటానికి అయిదారేళ్లు పడుతుంది గనక, ఆ రాత్రి పోయినవి చెట్లు మాత్రమే కావు, ఎన్నో ఇళ్లవాళ్ల అయిదారేళ్ల తిండి కూడాను.

జనవరి నుంచి ఏప్రిలు దాకా సముద్రం మరొక రకంగా ఉంటుంది. అప్పుడు రాత్రివేళ తాబేళ్లు ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. వాటిని ఆలివ్ రిడ్లే తాబేళ్లంటారు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో పెట్టిన గుడ్లు మార్చి, ఏప్రిలు నెలల్లో పిల్లలవుతాయి. ఈ నెలల్లో మంచి రోజు ఏది? ఉగాది అని నేనంటాను. ఉగాది అమావాస్య మర్నాడు వస్తుంది. రాత్రి చీకటిగా ఉంటుంది. ఆ చీకటితో మనకు ఏం పనో తరవాత చెబుతాను.

శంషాబాదు విమానాశ్రయంలో విమానం పరుగు తీసే బాట కొసన తెల్లరంగుతో 09 అని పెద్ద అంకె వేసి ఉంటుంది. అవతలి కొసన 27. అది తొమ్మిదో నంబరు బాట అని అర్థం కాదు. ఆ అంకెను పదితో హెచ్చవేయండి: 90. ఉత్తరం నుంచి 90 డిగ్రీలు తిరిగితే ఏమవుతుంది? తూర్పు. 270 అంటే పడమర. దిక్సూచి ప్రకారం బాట ఎటు ఉన్నదో పైలటుకు తెలియటానికే ఆ అంకెలు. దీన్ని గుర్తుంచుకోండి. బారువలో మళ్లీ పనికి వస్తుంది.

గాలిలో గడిపేది గంటా పావు. విశాఖ దగ్గరపడగానే కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. దిగి, స్టేషనుకు పోయి, రైలెక్కితే పలాసకు సుమారు మూడు గంటలు. బారువ పేరుతో ఒక చిన్న స్టేషను ఉన్నది గాని, పెద్ద రైళ్లు చాలావరకు అక్కడ ఆగవు. పలాసలో దిగి బస్సో ఆటోనో పట్టుకోవాలి. మొత్తానికి ఇల్లు కదలిన రోజు ప్రయాణానికే సరి. విసుక్కోకండి. రైల్లో ఎడమవైపు తూర్పు కనుమలు వెంట వస్తుంటాయి. నాగావళినీ, వంశధారనూ దాటుతారు. నౌపడా దగ్గర ఉప్పుమళ్లు. టెక్కలి దగ్గర తేలినీలాపురం అనే పల్లె ఉన్నది. శీతాకాలంలో గూడబాతులూ, ఎర్రకాళ్ల కొంగలూ అక్కడి చెట్లమీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. టిక్కెట్టు కొనకుండా ఎగిరివచ్చే వాటిని చూస్తే మనకు కాస్త ఈర్ష్య కలుగుతుంది!

బారువ చేరేసరికి సాయంత్రమవుతుంది. మహేంద్రగిరి నుంచి దిగివచ్చే మహేంద్రతనయ అనే నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. తనయ అంటే కూతురు. కొండ కూతురు వచ్చి సముద్రంలో చేరేచోటు ఇది. ఆ మొగ దగ్గర నీళ్లలోకి దిగకండి, లాగేస్తుంది. తెల్లదొరల కాలంలో బారువ ఓడలు ఆగే రేవు. 1917లో చిల్కా అనే ఆవిరి ఓడ ఈ తీరానికి దగ్గరలోనే మునిగిపోయింది. దాని ఇనుప అస్థిపంజరం ఇప్పటికీ నీటి అడుగున ఉన్నది. ఈతగాళ్లు వీపున గాలి సిలిండర్లు కట్టుకుని వెళ్లి చూసివస్తారు.

ఇక తాబేలు సంగతి. మనిషి ఎత్తలేనంత పెద్దది కాదు. బరువు నలభై కిలోలుంటే గొప్ప. రాత్రి అలల్లోంచి పాకివచ్చి, వెనక కాళ్లతో కుండలాంటి గుంట తవ్వి, అందులో నూరు, నూటఇరవై గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. మళ్లీ తిరిగి చూడదు. గుడ్లను పొదిగేది ఎండకాగిన ఇసుకే. ఒక చిత్రం వినండి: ఇసుక వేడిగా ఉంటే ఆడపిల్లలు ఎక్కువ పుడతాయి, చల్లగా ఉంటే మగవి.

తాబేళ్లు దారి ఎలా తెలుసుకుంటాయి? లాగర్‌హెడ్ అనే మరొక జాతి తాబేలు పిల్లలతో అమెరికాలో ఒక పరీక్ష చేశారు. చీకటిగదిలో నీటితొట్టి పెట్టి, చుట్టూ తీగచుట్టలు అమర్చి, విద్యుత్తుతో అయస్కాంతపు దిక్కును తారుమారు చేశారు. పిల్లలు ఈదే దిక్కు కూడా మారిపోయింది! పైలటు దిక్సూచిని చూస్తాడు. తాబేలు పిల్ల పుట్టేటప్పుడే దాన్ని వెంట తెచ్చుకుంటుంది.

కాని ఇసుకలోంచి నీళ్లదాకా ఉన్న ఆ నాలుగడుగులకూ దానికి దిక్సూచి లేదు, కళ్లే ఆధారం. రాత్రి సముద్రం నేలకంటె కాస్త తెల్లగా కనిపిస్తుంది. పిల్ల ఆ తెలుపు వైపుకు పరుగెత్తుతుంది. వెనకవైపు దీపం వెలిగితే అటు తిరుగుతుంది. పొద్దెక్కేసరికి ఎండకో, కాకికో, కుక్కకో బలి.

ఈ సంగతి నాకు తెలియనప్పుడు ఒక తప్పు చేశాను. ఒక రాత్రి ఒడ్డున నల్లగా ఏదో కదిలితే సంతోషం పట్టలేక టార్చి వేశాను. తాబేలు! గుంటకు చోటు వెతుక్కుంటున్నది. వెలుగు మీద పడగానే ఆగి, నెమ్మదిగా వెనక్కు తిరిగి, అలల్లోకి పోయింది. వల బాగుచేసుకుంటున్న ముసలాయన, “దీపం ఆర్పండి బాబూ, తల్లి కడుపుతో ఉన్నది,” అన్నాడు. ఆర్పాను. తెల్లవారేదాకా కూర్చున్నాను. అది మళ్లీ రాలేదు.

అందుకే మీరు బట్టలు సర్దుకునేటప్పుడు టార్చి తీసి ఇంట్లో పెట్టేయండి. సెల్‌ఫోనులో ఉన్న దీపం సంగతి నాన్నగారికి ముందే చెప్పండి, పెద్దవాళ్లే మరిచిపోతుంటారు. అమావాస్య చీకటికి పావుగంటలో కళ్లు అలవాటు పడతాయి. అటవీశాఖవారూ, స్వచ్ఛంద సేవకులూ గుడ్లను నక్కల పాలూ, కుక్కల పాలూ కాకుండా తెచ్చి, కంచె కట్టిన ఇసుకలో పూడ్చిపెడతారు. పిల్లలు పైకి వచ్చినప్పుడు వేకువనో, సాయంత్రమో సముద్రంలోకి వదులుతారు. ముందుగా వారిని అడిగి, నాలుగున్నరకే లేచి వెళ్లండి. పక్కకు నిలబడండి; అవి నడిచే దారిలో మీ అడుగు పడితే ఆ గుంట దాటటం వాటికి ఏరు దాటినంత పని. మీ అరచేతిలో సగం లేని పిల్ల అల తగలగానే ఈదటం మొదలుపెడుతుంది. ఎవరూ నేర్పరు.

తిరుగు ప్రయాణంలో ఒక్క జాగ్రత్త. ఉద్దానంలో చుట్టాలుంటే ఎండుకొబ్బరి చిప్పలు కట్టి ఇస్తారు. వాటిని విమానంలోకి రానివ్వరు! ఎండుకొబ్బరిలో నూనె జాస్తి. అది గాలితో కలిసి మెల్లగా వేడి పుట్టిస్తుంది. మూటలో ఆ వేడి బయటికి పోలేక ఒక్కొక్కప్పుడు దానంతటదే అంటుకుంటుంది. ఆ మూట రైల్లో వచ్చేవాళ్లకు అప్పగించండి. పలాస జీడిపప్పుకు మాత్రం అభ్యంతరం లేదు. అయితే ఆ పొట్లం హైదరాబాదు చేరేదాకా మిగులుతుందా లేదా అన్నది మీ చేతిలో ఉన్నది.