ప్రార్థన మనవి

ఇది రాయవచ్చునా అని ఆ సహోదరిని అడిగి, కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాము.

క్రిందటి ఏడు ఆమెకు రొమ్ములో గడ్డ ఉన్నదని తేలింది. భర్త లేడు, చదువు రాదు. అందుచేత మేము దంపతులమే ఆమెను పట్నంలో ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వలన మా పల్లెల్లో ఎందరో పొలం అమ్ముకోకుండా ఆపరేషన్లు చేయించుకున్నారు, దేవునికి స్తోత్రము. కౌంటరులో ఆరోగ్యమిత్ర ఆమె కార్డు, ఆధార్, ఫోను నంబరు, ముక్క పరీక్ష రిపోర్టు, ఫొటో అన్నీ తీసుకుని కంప్యూటరులో ఎక్కించాడు. అనుమతి కోసం అవి ట్రస్టు డాక్టర్లకు వెళ్తాయని చెప్పాడు.

ఆమె మెల్లగా, "అయ్యగారూ, నా జబ్బు సంగతి ఎవరెవరు చూస్తారండీ?" అని అడిగింది. ఇంట్లో పెళ్ళీడు కూతురు ఉన్నది. మేము పెద్దరికంగా, "ఏం కాదమ్మా" అన్నాము.

ఆ ఆదివారం ప్రార్థన మనవులలో ఆమె పేరు, జబ్బు పేరు, ఆపరేషన్ తేదీ చదివాము. మా మందిరం మైకు రెండు వీధులకు వినబడుతుంది.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆమె మాత్రం మందిరానికి రావడం మానేసింది. నాలుగు వారాలు చూసి ఇంటికి వెళ్ళాము. "తల్లికుంటే పిల్లకూ వస్తుందంట గదా" అని కూతురికి వచ్చిన సంబంధం వాళ్ళు తప్పుకున్నారట. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మంచినీళ్ళిచ్చి, "కంప్యూటర్లో ఎక్కించుకున్నాయన ఎవరికీ చెప్పలేదండి అయ్యగారూ" అన్నది.

క్షమించమని అడిగాము. చాలాసేపు ఏడ్చింది. ప్రార్థన చేద్దామమ్మా అంటే, "చిన్నగా చేయండి" అన్నది.

యాయీరు ఇంట ప్రభువు గుమిగూడిన వారందరిని బయటకు పంపి, తల్లిదండ్రులను, ముగ్గురు శిష్యులను మాత్రమే లోపలికి రానిచ్చాడు. ఆ సంగతి ఎవరికీ తెలియనీయవద్దని గట్టిగా చెప్పాడు. మార్కు 5వ అధ్యాయం ఎన్నిసార్లు బోధించామో! ఎప్పుడూ విశ్వాసం గురించే చెప్పాము. జనాన్ని బయటకు పంపిన చోట ఒక్కసారీ ఆగలేదు.

ఇప్పుడు మనవి చదివే ముందు, పేరు చెప్పమంటారా, జబ్బు చెప్పమంటారా అని అడుగుతున్నాము. "అనారోగ్యం అనండి చాలు" అనేవారే ఎక్కువ.

కౌంటరు దగ్గర తీసిన ఆమె రిపోర్టు ఫొటోలు మా ఫోనులో ఇంకా ఉన్నాయి. తీసివేయబోతుంటే గుర్తుకొచ్చింది, వాటిని ఆనాడే ఉపవాస ప్రార్థన వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాము. ఆ గ్రూపులో 63 మంది ఉన్నారు. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్తున్నాము.